ఆయిల్ పామ్ సాగు, పర్యావరణం: పరిశోధనలను ఎలా చదవాలి?

1. పరిచయం

ఆయిల్ పామ్ గురించి మీరు రెండు రకాల మాటలు వినే ఉంటారు. ఎకరానికి ఇంత నూనె ఇచ్చే పంట మరొకటి లేదనీ, అందువల్ల ఇది భూమిని ఆదా చేస్తుందనీ కొందరంటారు. ఇది అడవులను మింగిన పంట, బోరుబావులను తాగేసే పంట అని మరికొందరంటారు. రెండు పక్షాలవారూ “శాస్త్రవేత్తలే చెప్పారు” అంటారు. వారు చూపే అంకెలు చాలావరకు నిజమైన పరిశోధనల నుంచి వచ్చినవే. మరి అంకెలు నిజమైనప్పుడు నిర్ధారణలు ఎందుకు ఎదురెదురుగా ఉన్నాయి? ఈ పాఠంలో మనం వెదికేది ఈ ప్రశ్నకు జవాబునే.

ఈ విషయం పరీక్షతో ముగిసిపోయేది కాదు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 11,040 కోట్ల రూపాయల వ్యయంతో వంటనూనెల జాతీయ మిషన్‌ను ఆయిల్ పామ్ కోసం ఆమోదించింది. 2025-26 నాటికి అదనంగా 6.5 లక్షల హెక్టార్లలో ఈ పంట వేయించాలన్నది లక్ష్యం. అందులో దాదాపు సగం ఈశాన్య రాష్ట్రాలకు కేటాయించారు. ఇక దేశంలో ఇప్పుడు ఉత్పత్తి అవుతున్న పామాయిల్‌లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలదే. మీలో కొందరి ఇళ్ళలో “మొక్కలు పెడదామా, వద్దా” అన్న చర్చ జరుగుతూ ఉండవచ్చు. ఒకసారి నాటితే తోట 25 నుంచి 30 ఏళ్ళు ఉంటుంది. కాబట్టి ఆ నిర్ణయానికి ముందు పరిశోధనలు ఏం చెప్పాయో, ఏం చెప్పలేదో తెలియడం అవసరం.

ఇక్కడ విమర్శ అనే మాటను విలువ కట్టడం అనే అర్థంలో వాడుతున్నాం. ప్రతి పరిశోధననూ నాలుగు ప్రశ్నలతో పరిశీలిద్దాం. అది ఏమి కొలిచింది? దేనితో పోల్చింది? ఎక్కడ చేశారు? దాని ఫలితాన్ని ఎంత దూరం తీసుకుపోవచ్చు?

2. అడవి స్థానంలో తోట: 2008 నాటి రెండు పరిశోధనలు

ఆయిల్ పామ్ పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. వాణిజ్య పంటగా అది విస్తారంగా పెరిగింది మాత్రం మలేషియా, ఇండోనేషియా దేశాలలో. ఈ విస్తరణ ఏ భూమి మీద జరిగిందన్న ప్రశ్నను లియన్ పిన్ కో, డేవిడ్ విల్‌కోవ్ 2008లో పరిశీలించారు. 1990-2005 మధ్య మలేషియాలో జరిగిన విస్తరణలో 55 నుంచి 59 శాతం, ఇండోనేషియాలో కనీసం 56 శాతం అడవులను తొలగించడం వల్లనే జరిగిందని వారు అంచనా వేశారు. “పనికిరాని భూముల్లోనే తోటలు వేశాం” అన్న వాదానికి ఇది గట్టి సమాధానం అయింది.

ఈ పరిశోధనలోని బలాన్ని గమనించండి. తోట ఎలా ఉందని మాత్రమే అడగకుండా, తోటకు ముందు అక్కడ ఏముందని అడిగింది. దాని పరిమితిని కూడా గమనించండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సేకరించిన దేశస్థాయి లెక్కల ఆధారంగా ఈ అంచనా వేశారు. ఒక్కొక్క తోట సరిహద్దును చూసి లెక్కించినది కాదు. ఫలితాన్ని ఒకే అంకెగా కాక “55 నుంచి 59” అని, “కనీసం” అని చెప్పడంలోనే వారి జాగ్రత్త కనిపిస్తుంది. ఆ జాగ్రత్తను వదిలేసి అంకెను మాత్రమే ఎత్తి చూపడం మనం తరచుగా చేసే పొరపాటు.

అదే సంవత్సరం ఎమిలీ ఫిట్జర్‌బర్ట్, ఆమె సహ పరిశోధకులు అప్పటివరకు వెలువడిన అధ్యయనాలను సమీక్షించారు. సహజమైన అడవిలో నమోదైన జీవజాతుల్లో సగటున 15 శాతం మాత్రమే ఆయిల్ పామ్ తోటల్లోనూ కనిపించాయన్నది వారి ఫలితం. దీన్ని “ఆయిల్ పామ్ వేస్తే 85 శాతం జీవులు నశిస్తాయి” అని చెప్పేవారున్నారు. ఇది సరైన పఠనం కాదు. ఇక్కడ పోలిక సహజమైన అడవితో. పొగాకు చేనులోనో, చెరకు తోటలోనో ఆయిల్ పామ్ వేస్తే ఏమవుతుందో ఈ అంకె చెప్పదు. అయితే అడవిని నరికి తోట వేసి, “ఇవీ చెట్లే కదా, పచ్చదనమే కదా” అనేవారికి ఇంతకంటే స్పష్టమైన జవాబు కూడా లేదు.

3. కర్బన ఋణం: 86 ఏళ్ళు, 423 ఏళ్ళు

జోసెఫ్ ఫార్జియోన్ బృందం 2008లోనే “కర్బన ఋణం” అనే భావనను చర్చకు తెచ్చింది. అడవిని తొలగించినప్పుడు చెట్లలో, నేలలో నిల్వ ఉన్న కర్బనం గాలిలో కలుస్తుంది. ఇది అప్పు. ఆ భూమిలో పండిన పామాయిల్‌తో బయోడీజిల్ చేసి, మామూలు డీజిల్‌కు బదులు వాడితే ఏటా కొంత ఉద్గారం తగ్గుతుంది. ఇది తిరిగి చెల్లింపు. ఆగ్నేయాసియాలోని పల్లపు వర్షారణ్యాన్ని తోటగా మారిస్తే ఈ అప్పు తీరడానికి సుమారు 86 ఏళ్ళు, అదే పీట్ నేల మీది అడవిని మారిస్తే సుమారు 423 ఏళ్ళు పడుతుందని వారు లెక్క కట్టారు. పీట్ నేల అంటే వేల ఏళ్ళుగా నీటిలో నానుతూ, పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయిన వృక్షపదార్థం. కాలువలు తవ్వి నీటిని తీసేస్తే అది గాలి తగిలి ఏళ్ళ తరబడి కర్బనాన్ని విడుస్తూనే ఉంటుంది. ఎండితే అంటుకుంటుంది కూడా.

రెండు అంకెల్లోనూ పంట ఒకటే, నూనె ఒకటే. తేడా తెచ్చింది నేల. పంటకు మంచి చెడ్డలు అంటగట్టే ముందు నేలను చూడాలని ఈ పరిశోధన నేర్పుతుంది. దాని పరిమితి మరోచోట ఉంది. పామాయిల్‌ను ఇంధనంగా వాడినప్పుడే “చెల్లింపు” జరుగుతుంది. మన దేశంలో దాన్ని వంటకు, తినుబండారాలకు, సబ్బులకు వాడతాం. అక్కడ డీజిల్ ఆదా లేదు కాబట్టి 86 అనే అంకెను మన వంటింటికి తేలేం.

4. తొమ్మిది రెట్ల వాదం

ఆయిల్ పామ్‌ను సమర్థించేవారు ఎక్కువగా ఉదహరించేది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2018 నివేదికను. అంతే నూనెను ఇతర నూనె పంటల నుంచి తీయాలంటే తొమ్మిది రెట్ల వరకు ఎక్కువ భూమి కావాలని అది చెప్పింది. ఆయిల్ పామ్ విస్తరణ వల్ల ప్రమాదపుటంచున ఉన్న 193 జీవజాతులు దెబ్బతింటున్నాయని చెప్పింది కూడా ఇదే నివేదిక. ఒక పక్షం మొదటి వాక్యాన్నీ, మరో పక్షం రెండో వాక్యాన్నీ పట్టుకుపోయాయి. నివేదికను మొత్తంగా చదివితే దాని సారం ఇది: పంటను నిషేధిస్తే నష్టం మరో పంటకు, మరో అడవికి మారవచ్చు, కాబట్టి కొత్తగా అడవిని కొట్టకుండా ఆపడమే అసలు పని.

ఈ వాదాన్ని కూడా పరీక్షించాలి. “భూమి ఆదా అవుతుంది” అనడంలో నూనె వాడకం పెరగకుండా స్థిరంగా ఉంటుందన్న ఊహ దాగి ఉంది. అధిక దిగుబడి అంటే అధిక లాభం. లాభం వచ్చే పంట తన హద్దుల్లోనే ఆగిపోతుందని చెప్పలేం. ఆగ్నేయాసియా అనుభవం మనకు చూపింది అదే.

5. మిజోరంలో పక్షుల లెక్క

ఈశాన్య రాష్ట్రాలలో కొండ వాలుల మీద ఝూమ్ సాగు చేస్తారు. మన ఏజెన్సీ ప్రాంతాల పోడుకు ఇది దగ్గరిది. పోడు అడవిని పాడుచేస్తుందనీ, దాని బదులు శాశ్వతమైన తోటలు మేలనీ చాలాకాలంగా పాలకులు చెబుతూ వచ్చారు. జయదేవ్ మండల్, టి.ఆర్. శంకర్ రామన్ మిజోరంలోని డంపా పులుల అభయారణ్యం పరిసరాల్లో ఈ మాటను పరీక్షించారు. ఆయిల్ పామ్, టేకు తోటల కంటే ఝూమ్ సాగు జరిగే ప్రాంతంలోనే అడవి పక్షులు ఎక్కువగా ఉన్నాయని 2016లో ప్రచురించిన వారి వ్యాసం చూపింది. దీనికి కారణం తెలుసుకోదగ్గది. ఝూమ్‌లో కొంత భూమి సాగులో ఉంటే, చాలా భూమి బీడుగా వదలబడి మళ్ళీ వెదురుతో, చెట్లతో నిండుతూ ఉంటుంది.

ఇది పక్షులకు సంబంధించిన అధ్యయనం, ఒక ప్రాంతానికి చెందినది. నేలకోత గురించో, రైతు ఆదాయం గురించో తీర్పు చెప్పదు. అయినా దీని విలువ పెద్దది. ఎవరూ పోల్చి చూడకుండానే నమ్ముతున్న ఒక మాటను ఇది పోల్చి చూసింది. ఉమేష్ శ్రీనివాసన్, ఆయన సహచరులు 2021లో మరో అడుగు ముందుకు వేసి, జీవవైవిధ్యం దట్టంగా ఉన్న ప్రాంతాలను వదిలేసి కూడా భారతదేశంలో ఆయిల్ పామ్‌ను విస్తరించవచ్చని చూపారు. అంటే “పంట కావాలా, అడవి కావాలా” అన్న ప్రశ్న “ఎక్కడ వేయాలి” అన్న ప్రశ్నగా మారింది.

6. మన దగ్గర అసలు ప్రశ్న నీరు

గోదావరి జిల్లాలలో, ఖమ్మం ప్రాంతంలో ఆయిల్ పామ్ ఎక్కువగా అప్పటికే సాగులో ఉన్న భూముల్లోకి వచ్చింది. కాబట్టి ఇండోనేషియా అడవుల అంకెలను ఇక్కడికి తెచ్చి అతికించడం సరికాదు. అక్కడ ఏడాది పొడవునా వానలు పడతాయి కాబట్టి నీటి ప్రశ్న అక్కడి పరిశోధనల్లో వెనక వరుసలో ఉంటుంది. ఇక్కడ అదే ముందు వరుసలో ఉండాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. తొమ్మిది మీటర్ల త్రిభుజాకార దూరంలో నాటితే హెక్టారుకు 143 మొక్కలు వస్తాయి. కాపుకొచ్చిన చెట్టుకు రోజుకు 200 లీటర్లు ఇస్తే హెక్టారుకు 28,600 లీటర్లు. వినడానికి పెద్ద అంకె. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే 10,000 లీటర్లు కాబట్టి ఇది రోజుకు సుమారు 2.9 మిల్లీమీటర్లు మాత్రమే. వాన లేని తొమ్మిది నెలలకు సుమారు 770 మిల్లీమీటర్లు. ఒక వరి పంటకు సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలని వ్యవసాయ పాఠాల్లో మీరు చదివారు. దీన్ని బట్టి చూస్తే బోరు కింద వరి వేసే పొలంలో ఆయిల్ పామ్ పెడితే నీరు ఆదా అయినట్టే. అదే వర్షాధారంగా జొన్నో, పత్తో వేసే చెలకలో పెడితే ఆ 770 మిల్లీమీటర్లూ భూగర్భం నుంచి కొత్తగా తోడుతున్నట్టే. చెట్టు ఒకటే, లీటర్లు అవే. ముందు ఆ పొలంలో ఏముందన్న దాన్ని బట్టి జవాబు తారుమారైంది.

ఇంకో సంగతి ఈ లెక్కలో కనిపించదు. కరువు ఏడాదిలో రైతు వరి మానేసి పొలం బీడు పెట్టగలడు. ఆయిల్ పామ్‌కు ఆ వెసులుబాటు లేదు. నీటి ఎద్దడి వస్తే మగ పూగుత్తులు పెరిగి ఆడ పూగుత్తులు తగ్గుతాయి. ఆ దెబ్బ ఎన్నో నెలల తరువాత గెలల మీద తెలుస్తుంది. అందుకే బావి అడుగంటుతున్నా రైతు మరో బోరు వేయడానికే మొగ్గుతాడు. చెట్టుకు ఎంత నీరిస్తే ఎన్ని గెలలు వస్తాయన్నది వ్యవసాయ పరిశోధన వేసుకునే ప్రశ్న. ఒక మండలంలోని భూగర్భజలం ఎన్ని చెట్లను ముప్పై ఏళ్ళు మోయగలదన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి జవాబుగా తీసుకోకూడదు.

7. సారాంశం

ఆయిల్ పామ్ మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు పై పరిశోధనల్లో ఏదీ జవాబు చెప్పలేదు. ప్రతి ఒక్కటీ ఒక పోలికకు జవాబు చెప్పింది: అడవితో, పీట్ నేలతో, ఇతర నూనె పంటలతో, ఝూమ్‌తో. పోలికను వదిలేసి అంకెను మాత్రమే మోసుకొచ్చినప్పుడు శాస్త్రం వాదులాటకు ఆయుధమవుతుంది. ఇకమీదట ఈ పంట గురించి ఎవరు ఏ అంకె చెప్పినా, “దేనితో పోల్చి? ఏ నేలలో? ఎన్నేళ్ళకు?” అని అడగండి. మీ ఊరి పొలానికి సంబంధించినంత వరకు ఆ జవాబులు కొంతవరకు మీరే సేకరించగలరు.

మీ అవగాహనను సరిచూసుకోండి

1. “15 శాతం జీవజాతులు” అన్న ఫలితాన్ని చెరకు తోట స్థానంలో వేసిన ఆయిల్ పామ్‌కు ఎందుకు వర్తింపజేయలేం?
2. కర్బన ఋణం తీరే కాలం 86 నుంచి 423 ఏళ్ళకు మారడానికి కారణమేమిటి?
3. మీ గ్రామంలో బోరు కింద ఉన్న ఒక పొలాన్ని, వర్షాధారపు చెలకను తీసుకుని, ఆయిల్ పామ్ వేస్తే నీటి వాడకం ఎలా మారుతుందో పై పద్ధతిలో లెక్క వేయండి.