షోపాను మజూర్కాలు – రూబిన్‌స్టీను వాదనము

నాట్యముకొఱకుఁ బుట్టిన పాట నాట్యమును వీడి యొంటరిగా నిలిచినపుడు దానియం దేమి మిగులును? ఈ ప్రశ్న మన సంగీతమునకుఁ గ్రొత్త గాదు. క్షేత్రయ్య పదములు అభినయముతోఁ గూడి రంగమున వెలసినవి. వీణ ధనమ్మాళ్ (1867–1938) వానిని వీణతోఁ బాడినపుడు నర్తకి లేకయే యవి పరిపూర్ణములై యుండినవి. ఆ కుటుంబపు పదములనే యామె దౌహిత్రి బాలసరస్వతి (1918–1984) అభినయించి కీర్తి గాంచెను. పాశ్చాత్యసంగీతమున నిట్టి ప్రశ్ననే లేవనెత్తునవి పోలండు దేశీయుఁడగు ఫ్రెడెరిక్ షోపాను (1810–1849) పియానోకు రచించిన మజూర్కాలు. వానిని ఆర్థర్ రూబిన్‌స్టీను (1887–1982) వాయించిన తీరు నిట విమర్శింతము.

మజూర్కా యనునది మజోవియా సీమకుఁ జెందిన పల్లెయాట. దాని తాళము మూఁడు మాత్రల యావర్తము. వాల్ట్జు నాట్యమునకును మాత్రలు మూఁడే; కాని యందు ఊనిక మొదటి మాత్రపై నిలుకడగాఁ బడును. మజూర్కాలో నది రెండవ మాత్రమీఁదికో మూఁడవ మాత్రమీఁదికో జరుగును. ఆటగాఁడు మడమతో నేలను దన్ను చోటది. షోపాను 1824, 1825 సంవత్సరముల వేసవులలో షఫార్నియా గ్రామమున నుండి పల్లెపాటలను వినెను. 1830 నవంబరులో నతఁడు వార్సా విడిచెను. ఆ నెలలోనే యచ్చట రష్యా ప్రభుత్వముపైఁ దిరుగుబాటు పుట్టెను. అతఁడు మరల స్వదేశమును జూడలేదు. పారిసునఁ గూర్చుండి యతఁడు రచించిన మజూర్కాలు వినుటకై యేర్పడినవే గాని యాడుటకుఁ గాదు. అయినను వానిని పల్లె విడువలేదు. 56వ కృతిసంఖ్యలోని రెండవ మజూర్కా యారంభమున షడ్జపంచమములు ఎడతెగక మ్రోఁగును. మన చెవికది తంబుర శ్రుతివలెఁ దోఁచును. 24వ సంఖ్యలోని రెండవ దానియందుఁ గొంతమేర శుద్ధమధ్యమము తొలఁగి ప్రతిమధ్యమము వచ్చి, కల్యాణి స్వరస్థానములను స్ఫురింపఁజేయును.

చిక్కంతయు లయయందే కలదు. షోపాను తన మజూర్కాను వాయించుచుండఁగాఁ జార్లెస్ హాలే యను వాదకుఁడు మాత్రలు మూఁడు గావు, నాలుగని చెప్పెనఁట. షోపాను మొదట నొప్పుకొనలేదు. హాలే బిగ్గరగా లెక్కించి చూపఁగా నతఁడు నవ్వి, యది తన దేశపు నాట్యలక్షణమని సమాధానము చెప్పెనని హాలే తన స్మృతులలో వ్రాసెను. 1842లో మేయర్‌బీరు అను నాటకసంగీతకర్త, 33వ సంఖ్యలోని సి మేజరు మజూర్కాను విని మాత్రలు రెండే యని వాదింపఁగా షోపాను మిక్కిలి కోపించెనని, యపుడు పాఠమునకు వచ్చియున్న శిష్యుఁడు లెంజు చెప్పియున్నాఁడు. వ్రాఁతలో మూఁడు, ఒక చెవికి నాలుగు, వేఱొక చెవికి రెండు!

ఈ వైపరీత్యమునకుఁ గారణము మన నెల్లూరి సముద్రతీరమునఁ గోలాటము చూచినవారికి సులభముగా బోధపడును. కోలాటగాఁడు ఎదుటివాని కోలను దాఁకి, వెనుదిరిగి, ప్రక్కవాని కోలను జేరుటకుఁ బట్టిన కాలమును పాట భరింపవలయును. ఇసుకపై నడుగు మఱికొంత జాగుచేయును. పాటగాఁడా జాగును లెక్కింపఁడు. ఆటగాని యొడలితోఁ గలిసి నిలుచును. మైపాడు, కృష్ణపట్నము మొదలగు తావులఁ బెద్దవలను ఒడ్డునకు లాగునపుడును ఇంతియే: త్రాటి బరువు హెచ్చినచోఁ బాటలో మాత్ర సాగును. షోపాను సాగఁదీసిన మాత్రయు నిట్టిదే. దానిని గడియారముతోఁ గొలిచిన హాలేకు నాలుగు దోఁచుట వింత గాదు.

రూబిన్‌స్టీను పోలండులోని లోడ్జు నగరమునఁ బుట్టినవాఁడు. మజూర్కాల నతఁడు మూఁడు తడవలు గ్రామఫోనునకు వాయించెను: 1938–39లో, 1952–53లో, 1965–66లో. వీనిని ఒకే గ్రంథమునకు ఒకే పండితుఁడు వ్రాసిన మూఁడు వ్యాఖ్యానములనఁ దగును. మొదటి వాదనమున గతి చుఱుకైనది, ఊనికలు తీక్ష్ణములు. రెండవ మాత్ర యొకొకచోఁ దటాలున నిలుచును. దానివలనఁ బోయిన కాలమును మూఁడవ మాత్ర పరుగెత్తి తీర్చును. అతని కంటె నైదేండ్లు పెద్దవాఁడగు ఇగ్నాజ్ ఫ్రీడ్‌మను (1882–1948) వాదనమున నీ ఊనిక మఱింత మోటుగా నుండి, యాటగాని మడమ చప్పుడు వినఁబడునట్లుండును. రూబిన్‌స్టీను మోటుతనమునుఁ దగ్గించెను గాని యడుగును విడువలేదు. కడపటి వాదనమున నాదము నిండుగా నున్నది, వాక్యవిభాగము నిర్మలముగా నున్నది; కాని మాత్రలు సరిసమానములకుఁ జేరువైనవి. 17వ సంఖ్యలోని నాలుగవ మజూర్కా వంటి విలంబరచనలకు నిది మిక్కిలి యొప్పినది. ఆ రచన నిశ్చయము లేని స్వరసమూహములతో నారంభమై, వానితోనే తీర్పులేక ముగియును. దానికిఁ గావలసిన నెమ్మది ఇచ్చట లభించినది. పల్లెదుముకు గల రచనలలో మాత్రము ఈ నెమ్మది లోపమే యగుచున్నది. కావున మొదటి వాదనమే మేలని నా తలంపు.

కడపటిదానిని వార్ధక్యదోష మని త్రోసివేయుట న్యాయము గాదు. మొదటి వాదనము ముగిసిన 1939లోనే, సెప్టెంబరు మాసమున, జర్మనీ పోలండుపైఁ బడెను. యూదుఁడగు రూబిన్‌స్టీను బంధువులు పలువురా మారణహోమమున నశించిరి. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి స్థాపన సందర్భమున జరిగిన కచ్చేరిలోఁ బోలండు పతాకము లేకుండుటను జూచి, నిరసించి, యతఁడా దేశపు జాతీయగీతమును వాయించెను. ఆ గీతము కూడ నొక మజూర్కాయే. ఇరువది యేండ్ల పిమ్మట అతని చేతిలో మజూర్కా యాటస్థలమును గోల్పోయి స్మృతిగా మాఱుటకుఁ గారణము లేకపోలేదు. షోపానుకు సయితమది స్మృతియే. అయినను షోపాను స్మృతిలో అడుగుల చప్పుడు మాయలేదు. హాలే లెక్కయే యందులకు సాక్ష్యము.

ఈ విచారమువలన మన కొక ప్రయోజనము గలదు. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధశాసనము వచ్చిన పిదప, గుడులలో నర్తకీమణుల యాట యడఁగెను. ఆ శాసనము యొక్క న్యాయాన్యాయములు వేఱు విషయము. పదములను స్వరలిపిఁ జూచి నేర్చుకొను నేఁటి విద్యార్థులలోఁ బలువురు వాని యభినయమును జూచినవారు గారు. వారు తాళము తప్పరు. కాని నాయిక చూపు మరలుటకుఁ బట్టు కాలము వారి పాటలో నుండదు. లిపి యావర్తమును దెలుపును. ఆ విరామమును దెలుపఁజాలదు. రూబిన్‌స్టీను తొలి, మలి వాదనములను బ్రక్కప్రక్కన వినినచో నీ భేదము స్పష్టమగును. పదమును బాడఁగోరువారు, వీణపై వాయింపఁగోరువారు, ముందుగా నొకసారియైన దాని యభినయమును గన్నులారఁ జూచి పిదప స్వరపుస్తకమును దెఱచుట మేలు.