వస్తువు, శిల్పం, ఒక రబ్బరు పాదం

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1985లో వచ్చిన ‘మయూరి’ని సాధారణంగా సంకల్పబలం కథగా చెప్పుకుంటారు. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో గాయపడి, కుడికాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్ కృత్రిమ పాదంతో తిరిగి వేదిక ఎక్కింది. ఆ జీవితకథలో తనే నాయికగా నటించింది. ఆ పట్టుదలను తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే కథను సంకల్పబలం దగ్గరే ఆపేస్తే, ఆమె ఏ పాదం మీద నిలబడి ఆడిందన్న ప్రశ్న మరుగున పడిపోతుంది. ఇది వైద్యుల ప్రశ్న మాత్రమే కాదు. విమర్శకుడు కూడా అడగవలసిన ప్రశ్న. మన విమర్శలో ‘వస్తువు’ అంటే ఇతివృత్తం. ఇక్కడ వస్తువు అక్షరాలా వస్తువే. రబ్బరు, చెక్క, టైరు దారం.

ఆ వస్తువుకో చరిత్ర ఉంది. సైనికుల కోసం 1944లో పూణేలో కృత్రిమాంగ కేంద్రం ఏర్పడింది. అప్పట్లో దొరికే కాళ్లు పాశ్చాత్య నమూనాలకు అనుకరణలు. ఆ పాదానికి మడమ దగ్గర కదలిక లేదు. పైన బూటు తొడగనిదే పనికిరాదు. కుర్చీ మీద కూర్చుని, బల్ల మీద తిని, చదునైన బాట మీద నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైన పాదం అది. జైపూరు సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడైన పి.కె. సేఠీ, అలాంటి కాళ్లు తెచ్చుకున్న పల్లెటూరి రోగులు వాటిని మూలన పడేసి మళ్లీ చంకకర్రలతో రావడం గమనించాడు. లోపం రోగిలో లేదు, పాదంలో ఉందని గ్రహించడమే అసలు మలుపు. అదే ఆసుపత్రిలో పనిచేసే రామచంద్ర శర్మ పెద్ద చదువులు చదవని చేతిపనివాడు. బూటు అక్కరలేని పాదాన్ని రూపొందించడంలో ప్రధానమైన చేయి ఆయనదే. లోపల స్పాంజి రబ్బరు, చెక్క, చుట్టూ టైరు దారం, పైన మనిషి చర్మం రంగు రబ్బరు వేసి అచ్చులో కాచి గట్టిపరిచారు. 1968 నాటికి అది వాడుకలోకి వచ్చింది. కాలి పైభాగాన్ని మొదట అల్యూమినియం రేకుతో కొట్టి చేసేవారు, తర్వాత నీళ్ల గొట్టాల ప్లాస్టిక్ వచ్చింది. దీనికి పేటెంటు తీసుకోలేదు.

1981లో మెగసెసే పురస్కారం సేఠీకి వచ్చింది. శర్మకు రాలేదు. వైద్యుడి ఘనతను కాదనలేం, కాని ఆలోచించే తల వేరు, పనిచేసే చేయి వేరు అనే పాత విభజన ఇక్కడా నిలిచే ఉంది.

ఇప్పుడు ‘మయూరి’ దగ్గరికి వద్దాం. భరతనాట్యం బూటుతో ఆడేది కాదు. మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో నిలబడాలి, ఉత్త పాదంతో నేలను తాకాలి. బూటులో దాచుకునే పాదానికి ఇది సాధ్యం కాదు. అంటే, బీద రైతు గొంతుక్కూర్చోవడానికి, బురదలో నడవడానికి తయారైన పాదమే నర్తకిని వేదిక ఎక్కించింది. సినిమా బలమంతా ఇక్కడే ఉంది. అక్కడ కాలు నటించడం లేదు, నిజంగానే ఆడుతోంది. మరుసటి ఏడే వచ్చిన ‘సిరివెన్నెల’లో అంధుడైన వేణుగాయకుడు, మూగదైన చిత్రకారిణి సౌందర్యానికి ప్రతీకలుగా నిలుస్తారు. వాళ్లు దారి ఎలా దాటుతారు, ఎవరి సాయంతో బతుకుతారు అన్నవి ఆ సౌందర్యం ముందు చిన్నవైపోతాయి. ఆ పోలికలో ‘మయూరి’ నేలమీది సినిమా. అయినా ప్రేక్షకుడు నర్తకి విజయాన్నే ఇంటికి తీసుకెళ్తాడు. ఆ పాదం మొదట ఎవరి కోసం తయారైందో ఆ మనిషి కథలోకి రాడు.

ఆ మనిషి ఆలూరు ప్రాంతపు కూలీ కావచ్చు. వాన పడితే నల్లరేగడి చెప్పుకు అంటుకుని అడుగు తీయనివ్వదు, చెప్పులు చేతబట్టుకునే నడవాలి. కలుపు తీయాలన్నా, బయటికి వెళ్లాలన్నా గొంతుక్కూర్చోవలసిందే. బాసింపట్టు వేసుకోలేని మనిషి పంక్తిలో అందరితో కలిసి ముద్ద తినలేడు. పంట పోయిన ఏడు జనం సుగ్గికి, గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. కాలు లేనివాడు ముసలివాళ్లతోపాటు ఊళ్లో మిగిలిపోతాడు. రాయలసీమ కథ కరువును రాసింది, వలసను రాసింది, ముఠాకక్షలను రాసింది. తెగిన చెయ్యి, విరిగిన కాలు ఆ కథల్లో ఎక్కువగా ముగింపు దగ్గర కనిపిస్తాయి. మర్నాటి నుంచి ఆ మనిషి నీళ్లబిందె ఎలా ఎత్తాడు, బస్సు ఎలా ఎక్కాడు అన్నచోట కథకుడు కలం మూసేస్తాడు. కవిత్వం పరిస్థితి ఇంకా అన్యాయం. ‘గుడ్డి న్యాయం’, ‘కుంటి వ్యవస్థ’ అని శత్రువును తిట్టడానికి మన అభ్యుదయ కవులు సైతం వికలాంగుడి శరీరాన్నే అరువు తెచ్చుకుంటారు.

ప్రభుత్వ భాష 2015 తర్వాత ‘దివ్యాంగులు’ అనడం మొదలుపెట్టింది. పేరు ఆకాశానికి పోయింది గాని పల్లెబస్సు మొదటి మెట్టు కిందికి దిగలేదు. 1995 చట్టం, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం అడ్డంకులు తొలగించాలన్నాయి. మన సాహిత్య సభలు మాత్రం ఇప్పటికీ మేడమీది హాళ్లలోనే ఎక్కువ జరుగుతాయి. (ఈ మాట నిర్వాహకులకు రుచించకపోవచ్చు.)

రబ్బరు పాదం అరిగిపోతుంది. పొలంలో తిరిగేవాడిది మరీ తొందరగా అరుగుతుంది. శిబిరంలో ఉచితంగా ఇచ్చి ఫొటో దిగినవాళ్లు, అది అరిగిన రోజున ఊళ్లో ఉండరు. కొత్తది కావాలంటే ఆలూరు నుంచి జిల్లా కేంద్రానికో, అంతకన్నా దూరానికో పోవాలి. ఆ రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాడి కూలీ పోతుంది. కొలత ఒక రోజు, తొడిగించుకోవడం ఇంకో రోజు అయితే అది నాలుగు కూళ్ల లెక్క. సుగ్గి మొదలయ్యే లోపల ఈ పని కాకపోతే ఆ ఏడాదికి అంతే.