శనివారపు కుండ

కుక్కర్ మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. దాలి మీద పొద్దంతా కాగి ఎర్రబడిన మా అమ్మమ్మ పాల గురించి ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అలాంటి నాకు ఈ వారం ఎవరో వీడియో పంపారు: ‘కుక్కర్లో చోలెంట్, నలభై నిమిషాల్లో!’ ఒళ్లు మండింది.

చోలెంట్ యూదుల శనివారం వంట. బీన్స్, బంగాళాదుంపలు, బార్లీ, డబ్బుంటే మాంసం, లేకుంటే ఎముక. శుక్రవారం పొద్దుగూకితే వాళ్ల విశ్రాంతి రోజు, సబ్బాతు, మొదలు. మర్నాడు చీకటి పడేదాకా నిప్పు ముట్టించకూడదు. అందుకని ముందే కుండకు మూత బిగించి రొట్టెల బట్టీలో పెట్టి వచ్చేవారు. శనివారం ప్రార్థన అయ్యాక తెచ్చుకునేవారు.

ఈ కుండ కాగిన ఊళ్లలో పోలండ్‌లోని వూచ్ ఒకటి, మిల్లుల ఊరు. మ్యాపులో మనం లోడ్జ్ అని చదువుతాం. ఆ మాటకు అర్థం పడవ. పడవ నడిచే నది మాత్రం లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ యూదులు రెండు లక్షల పైమాటే, ఊళ్లో మూడోవంతు. పోజ్నాన్‌స్కీ అనే యూదు వ్యాపారి కట్టిన నూలు మిల్లు ఎంత పెద్దదంటే, ఇప్పుడు ఆ ఆవరణలో షాపింగ్ మాల్ నడుస్తోంది. కానీ అప్పట్లో శనివారం మిల్లు ఆగేది కాదు. సబ్బాతు మానలేని నేతగాళ్లకు అక్కడ చోటు దొరకడం కష్టమయ్యేది. వాళ్లు బలూటీ పేటలో చేతిమగ్గాల దగ్గరే ఉండిపోయారు. మగ్గం, మంచం, పొయ్యి అన్నీ ఒకే గదిలో. ఒక్క రోజు సెలవు కోసం మరమగ్గం కూలి వదులుకున్నవాళ్లు!

ఓపికే వంటకు ప్రాణమని ఈ కుండను చూపించి ఆ వీడియోవాణ్ణి కడిగేద్దామని కూచున్నాను. రాస్తూ రాస్తూ ఆగిపోయాను. ఆ కుండ దగ్గర రాత్రంతా ఎవరూ కాపలా కాయలేదు. ఆరు రోజులు కండెలు చుట్టి, వండి, ఉతికిన మనిషి ఏడోరోజు పొయ్యి మొహం చూడకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. మా అమ్మమ్మకు అలాంటి రోజు ఒక్కటీ లేదు. ఇంటికి తొలి కుక్కర్ వచ్చినప్పుడు ఆవిడ ఎంత సంబరపడిందో ఇన్నేళ్లలో నేనొక్కసారీ రాయలేదు.

వీడియోలో లేని మాట ఇంకొకటి. 1940లో జర్మన్లు ఆ బలూటీకే కంచె వేసి, యూదులను బంధించే గెట్టో చేశారు. 1944 ఆగస్టులో అక్కణ్ణుంచి చివరి రైళ్లు ఆష్విట్జ్ మరణ శిబిరానికి వెళ్లాయి.