‘ఏం పని చేస్తవ్?’

కోరుట్లలో బీడీలు చుట్టే ఒకామె చేతివేళ్ల తిమ్మిర్లతో దవాఖానకు వచ్చిందనుకుందాం. ఆరేళ్లుగా షుగర్ ఉంది. షుగరున్నాక తిమ్మిర్లు రావా అని ఒక విటమిన్ గోలీల డబ్బా చేతిలో పెట్టి పంపేయడం చాలా సులువు. చదువు ఒంటబట్టిన ఫిజీషియన్ మాత్రం ముందు ఆమె చెప్పులు విప్పించి పాదాలు చూస్తారు. షుగర్ నరాలను దెబ్బతీసేటప్పుడు పొడుగాటి నరాల కొసల దగ్గర మొదలుపెడుతుంది. కాలివేళ్లు ముందు, చేతివేళ్లు చాలా తర్వాత. పాదాలకు స్పర్శ బాగుండి చేతులే మొద్దుబారుతున్నాయంటే దోషమంతా షుగర్ మీద వేయడానికి లేదు. అప్పుడు రెండో ప్రశ్న: చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతదా అమ్మా? ‘లేదు సార్, అదొక్కటి మంచిగనే ఉంటది.’ రాత్రి మెలకువొచ్చి చేతులు విదిలించుకుంటవా? ‘అవు సార్, మీకెట్ల ఎర్క?’ రెండు మణికట్లు కిందికి వంచి, అరచేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి ఒక్క నిమిషం ఉంచమంటారు. నిమిషం నిండకముందే చీమలు పాకుతాయి. మణికట్టు దగ్గర ఇరుకు సందులోంచి వెళ్లే నరం నలుగుతోందన్నమాట. ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, కొసలు మడిచి, రోజుకు వెయ్యి లెక్క తేల్చే చేతులవి. షుగర్‌తో పాటు ఈ పని కూడా ఆ మణికట్టు మీద కూర్చుంది. స్కానింగ్ లేదు, రక్తపరీక్ష లేదు, గట్టిగా ఐదు నిమిషాలు.

ఈ విద్య పేరు జనరల్ మెడిసిన్. ‘జనరల్’ అనే మాట దీనికి చాలా అన్యాయం చేసింది. జలుబు, దగ్గు చూసే చిన్న డాక్టరనీ, అసలు రోగానికి ‘స్పెషలిస్టు’ దగ్గరికి పోవాలనీ మనవాళ్ల లెక్క. 19వ శతాబ్దపు జర్మన్లు దీన్ని లోపలి వైద్యం అన్నారు. 1882లో వీస్‌బాడెన్‌లో ఆ పేరుతో తొలి మహాసభ కూడా జరిపారు. పైకి కనిపించే పుండును కోసేవాడు సర్జన్. లోపల ఏం జరుగుతోందో బయటి గుర్తులను బట్టి కనిపెట్టేవాడు ఫిజీషియన్. కోరుట్లలో ‘ఎండీ డాక్టర్’ అంటే ఈయనే, లేదా ఈమే.

ఆ ఎండీ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఎంబీబీఎస్‌కు నాలుగున్నరేళ్లు, హౌస్‌సర్జన్‌గా ఒక ఏడాది, ఆపైన మూడేళ్ల ఎండీ, అందులో ఒక థీసిస్. రష్యా, జార్జియా వంటి దేశాల్లో మొదటి డిగ్రీ పేరే ఎండీ. అది మన ఎంబీబీఎస్‌తో సమానం, ఇక్కడ రోగిని చూడాలంటే అర్హత పరీక్ష గట్టెక్కాలి. బోర్డు మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి అడిగి తెలుసుకోవడంలో తప్పేమీ లేదు. రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, ప్రతి చీటీ మీదా వేయాలని 2002 నాటి వైద్య నీతి నియమావళే చెబుతోంది. ఊళ్లో సూదిమందు వేసే ‘ఆరెంపీ’ పేరులోని మొదటి అక్షరానికి అర్థం రిజిస్టర్డ్ అని. ఆయనకు లేనిది సరిగ్గా అదే!   

అయితే డిగ్రీ గోడ మీద ఉంటుంది, విద్య ప్రశ్నలో ఉంటుంది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో చేతివృత్తుల వాళ్ల జబ్బుల మీద పుస్తకం రాస్తూ, హిప్పోక్రటీస్ అడగమన్న ప్రశ్నలకు తనదొకటి చేర్చాడు: నువ్వేం పని చేస్తావు? ఆయన పట్టీలో నేతగాళ్లున్నారు, పొగాకు పనివాళ్లున్నారు. మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలను చూసి రాశాడా అనిపిస్తుంది.

సిరిసిల్లలో ఆ ప్రశ్నను కాస్త గొంతు పెంచి అడగాలి. సాంచాల, అంటే మరమగ్గాల, మోత మధ్య ఏళ్లు గడిపిన మనిషికి చెవి మందగించి ఉంటుంది, ఆయనా గట్టిగానే మాట్లాడతాడు. కోపంగా ఉన్నాడనుకుంటే పొరపాటు. ‘సాంచాల మీద’ అన్న జవాబుతో ఆగకూడదు. కార్మికుడా, సొంత సాంచాలున్న ఆసామా? సైజింగా, వార్పింగా? కాటనా, పాలిస్టరా? పత్తి దుమ్ము పీల్చేవాళ్లకు సెలవు తర్వాత పనిలో దిగిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోయి, వారం గడిచేకొద్దీ సడలే జబ్బొకటుంది. ‘దమ్ము ఎప్పుడొస్తది?’ అంటే ‘ఎప్పుడూ వస్తది’ అంటారు. ‘సెలవు రోజు ఎట్లుంటది, మర్నాడు ఎట్లుంటది?’ అని విడదీసి అడిగితేనే అది బయటపడుతుంది. ఊపిరితిత్తుల ఫొటోలో కనిపించకపోవచ్చు.

అక్కడే ఇంకో చిక్కు, రాత్రి షిఫ్టు. షుగర్ చీటీ మీద ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి’ అని రాస్తే, తెల్లారి పడుకొని మధ్యాహ్నం లేచేవాడికి ఏది పొద్దున? గోలీ మింగి తిండి తినకుండా నిద్రపోతే చక్కెర పడిపోవచ్చు. పని మీద ఉన్నప్పుడు పడిపోతే ఇంకా ప్రమాదం. చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్లు తిరిగే మనిషి పక్కన ఆడుతున్న సాంచా ఉంటుంది. తెలిసిన డాక్టరు గడియారాన్ని వదిలేసి ‘అన్నానికి ముందు’ అని రాస్తారు.

చేతివేళ్ల విద్య ఇంకోటుంది, తట్టి చూడడం. సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడమూ? 1761లో దీన్ని వైద్యంలోకి తెచ్చిన ఔన్‌బ్రుగ్గర్ ఆస్ట్రియాలో ఒక పూటకూళ్లింటి యజమాని కొడుకు. పీపాలో వైన్ ఎంత మిగిలిందో తట్టి చెప్పే ఇంట్లో పెరిగినవాడు. ఎడమచేతి నడిమివేలు రోగి వీపు మీద గట్టిగా ఆనించి, కుడిచేతి నడిమివేలి కొసతో మణికట్టు నుంచి కొట్టాలి. గాలి ఉన్నచోట బోలుగా మోగుతుంది, నీరు చేరినచోట బండను కొట్టినట్టు మూగబోతుంది. లేనెక్ స్టెతస్కోపు 1816లో వచ్చింది, అంటే అంతకన్నా యాభై ఐదేళ్ల ముందు నుంచే వేళ్లు ఈ పని చేస్తున్నాయి. ఇప్పుడు ఎక్స్‌రే ఉండగా ఇదెందుకు అనే కుర్ర డాక్టర్లున్నారు. ఎక్స్‌రే గది తాళం ఆదివారం ఎవరి దగ్గరుంటుందో వాళ్లే చెప్పాలి.

ఈ ప్రాంతపు వైద్యంలో అన్నిటికన్నా భయపడాల్సిన మాట ‘గ్యాస్’. ‘గ్యాస్ వట్టింది సార్, పొద్దటిసంది ఛాతిల పట్టేసినట్టుంది’ అన్నప్పుడు ఫిజీషియన్ మాటను వదిలి చేతిని చూస్తారు. ఒక్క వేలితో ఇక్కడ అని చూపిస్తే కాస్త ధైర్యం. పిడికిలి ఛాతీ మీద ఆనించి చూపిస్తే వెంటనే ఈసీజీ. మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గుతుందా? చెమటలు పట్టాయా? షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండా, ఉత్త ఆయాసంగానో వాంతిగానో రావచ్చు. మొదటి ఈసీజీ బాగుందని ఇంటికి పంపడం కూడా తప్పే. కాసేపాగి మళ్లీ తీయాలి. గ్యాస్ గోలీకి తగ్గిందని నిశ్చింతగా ఉన్న మనిషి తెల్లారేసరికి లేకుండా పోయిన ఇల్లు ఈ ఊళ్లలో వెతకక్కర్లేదు.

జ్వరాల కాలంలో ఇంకో రెండు మాటలు రాజ్యమేలతాయి, టైఫాయిడ్, ప్లేట్‌లెట్లు. ఒక్కసారి చేసిన విడాల్ పరీక్షలో అంకె ఎక్కువుంటే టైఫాయిడ్ రుజువైనట్టు కాదు. డెంగీలో ప్లేట్‌లెట్ల అంకె మీదే ఇంటిల్లిపాది కళ్లూ ఉంటాయి. డాక్టరు కన్ను వేరే చోట ఉండాలి: జ్వరం దిగిన రోజు మీద. ‘జెరం తగ్గింది, ఇంటికి పోతం’ అనే ఆ పూటే రక్తనాళాల్లోంచి నీరు కారడం మొదలు కావచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు కనిపిస్తే కదలనివ్వకూడదు.

జగిత్యాల వైపు బోదకాలు పాత శత్రువు. దాని పురుగు పిల్లలు రక్తంలోకి రాత్రిళ్లే వస్తాయి, అందుకే ఊళ్లోకి రాత్రిపూట వచ్చి రక్తం తీస్తారు. వాచిన కాలు మళ్లీ మామూలు కాకపోవచ్చు. సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకొమ్మని ఓపిగ్గా నేర్పితే జ్వరాలు, పుండ్లు తగ్గుతాయి. ఇది నేర్పడానికి పది నిమిషాలు పడుతుంది, దీనికి ఫీజు లేదు.

ఇక గల్ఫ్. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే మనిషికి బీపీ గోలీ రాయడం ఒక ప్రత్యేక కళ. ఎండలో కట్టడం పనికి పోయేవాడైతే ఒంట్లో నీరు లాగేసే బీపీ మందు ఇవ్వడానికి చెయ్యి ఆగాలి. మందుకు మన కంపెనీ పేరు రాస్తే దుబాయిలో దొరక్కపోవచ్చు. అసలు పేరు పెద్దక్షరాల్లో రాస్తే ఏ దేశపు మందుల షాపువాడికైనా అర్థమవుతుంది. 2016 నుంచి నియమం కూడా అదే, పాటించేది మాత్రం కొందరే. నడుంనొప్పికి ట్రమడాల్ రాయకూడదు, దగ్గుకు కోడీన్ మందు సీసా సంచిలో పెట్టనివ్వకూడదు. యూఏఈ లాంటిచోట అనుమతి లేకుండా అవి దొరికితే జైలుకు పోవాల్సి రావచ్చు. ఇది ఏ మెడిసిన్ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల రోడ్డు మీద ప్రాక్టీసు చేసినవాళ్లకు రోగులే నేర్పారు.

జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మూడు నాలుగు తరాలుగా కరీంనగర్‌కో హైదరాబాద్‌కో మోసుకుపోయిన శరీరాలు ఇప్పుడు ఉన్న ఊళ్లోనే విద్యార్థులకు పాఠమవుతున్నాయి. కేస్ షీటులో పేరు, వయసుతో పాటు వృత్తికీ ఒక గడి ఉంటుంది. ఎక్కువమంది అక్కడ ‘కూలి’ అని రెండక్షరాలు రాసి పక్క గడిలోకి వెళ్లిపోతారు. మంచి ప్రొఫెసరైతే ఆ షీటును అక్కడే ఆపి, ‘పోయి అడిగి రా, ఏం కూలి?’ అని మళ్లీ మంచం దగ్గరికి పంపుతారు.