జీతం ఆగిన మర్నాడు

అమెరికాలో విమానాలు నడిపే మనవాళ్లు కొందరు రిటైర్మెంట్ లెక్కలు చూడమని నా దగ్గరికి కాగితాలు తెస్తుంటారు. అందరి కాగితాల్లోనూ పైన ఒకటే అంకె: 65. ఎయిర్‌లైన్ పైలట్‌ని చట్టం ఎగరనిచ్చేది ఆ వయసుదాకానే. అప్పటిదాకా జీతం వస్తుందని ధీమా. నేను ముందు ఆ అంకెనే కొట్టేస్తాను. నలభై దాటిన కెప్టెన్‌కి ఆర్నెల్లకోసారి మెడికల్ ఉంటుంది. గుండెలో చిన్న తేడా కనిపించినా ఎగరడం ఆగిపోవచ్చు. కంపెనీ మూతపడితే మరోచోట సీనియారిటీ మళ్లీ అడుగునుంచే.

పెన్షన్ మాటా అంతే. 2005లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ దివాలాలో ఉండగా పైలట్ల పెన్షన్ పథకం రద్దయి, ప్రభుత్వ హామీ సంస్థ చేతిలో పడింది. ఆ ఏడాది ఆ సంస్థ గరిష్ఠ హామీ 65 ఏళ్లవారికి ఏటా 45,614 డాలర్లు. 60 ఏళ్లవారికి 29,649 మాత్రమే. పైలట్లు 60కే దిగిపోవాలన్న నియమం పెట్టిందీ ప్రభుత్వమే! దిగిపొమ్మన్నవాళ్లే తొందరగా దిగారని కోత పెట్టారు. ఆ అన్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2007 డిసెంబరులో వయసు 65కి పెంచారు గానీ, అప్పటికే దిగిపోయినవాళ్ల నష్టం తీరలేదు. 155 మందితో విమానాన్ని హడ్సన్ నది మీద క్షేమంగా దించిన కెప్టెన్ సలెన్‌బర్గర్ కూడా, రెండు నెలలు తిరక్కముందే కాంగ్రెస్ కమిటీ ముందు తన జీతం 40 శాతం తగ్గిందనీ, పెన్షన్ పోయిందనీ చెప్పుకున్నారు. అదీ 2009లో.

అందుకే నేను ఖర్చు వైపునుంచి మొదలుపెడతాను. రేపే జీతం ఆగితే ఇల్లు గడవడానికి ఏడాదికెంత? ఇంటి అప్పు ఇంకెన్నేళ్లు? 62కి దిగితే సోషల్ సెక్యూరిటీ కోతతో వస్తుంది, మెడికేర్ మాత్రం 65 నిండితేనే. కంపెనీ బీమా కొనసాగకపోతే మధ్య మూడేళ్లూ భార్యాభర్తలిద్దరి ఆరోగ్య బీమా సొంత జేబులోంచే కట్టాలి. చాలామంది ఈ ఖర్చు రాయనే రాయరు. ఆదాయం కింద మీ పేరున జమైన 401కె లాంటి సొమ్మునే రాయండి. కంపెనీ ఇస్తానన్న పెన్షన్‌కి వేరే కాగితం పెట్టుకోండి.

కాక్‌పిట్‌లో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. ఈ లెక్క యాభై నిండకముందే, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వేయండి. లెక్క కుదిరాక ఎగరడం ఇష్టమైతే 65 దాకా హాయిగా ఎగరండి.