ఊపిరి గీసే గీత

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీద నిజాం కాలంలో క్షయ ఆసుపత్రి కట్టారు. అక్కడి గాలి ఊపిరితిత్తులకు మేలు చేస్తుందని నమ్మకం. ఇప్పుడు వికారాబాద్‌లోగానీ తాండూరులోగానీ భారీకాయులు ఆపరేషన్‌కు వస్తే, మత్తు డాక్టరు ముందుగా ఆరా తీసేది ఊపిరి గురించే. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగుతుందా, మెడ కొలత 40 సెంటీమీటర్లు దాటిందా?

వెల్లకిలా పడుకోబెడితే పొట్ట బరువు ఛాతీ వైపు నెట్టుకొస్తుంది. ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి తగ్గిపోతుంది. ఆపరేషన్ అయ్యాక మార్ఫిన్ లాంటి నొప్పి మందు తోడైతే గొంతు కండరాలు సడలి దారి మూసుకోవచ్చు. వేలికి తగిలించిన పల్స్ ఆక్సిమీటర్ 98 చూపిస్తూనే ఉండవచ్చు. ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు ఊపిరి మందగించినా ఆ అంకె వెంటనే పడిపోదు. ఛాతీ మీది తీగలు చెప్పే శ్వాసల లెక్కనూ పూర్తిగా నమ్మలేం. దారి మూసుకున్నా ఛాతీ ఎగిసిపడుతూనే ఉంటుంది, యంత్రం దాన్నే శ్వాసగా లెక్కపెట్టవచ్చు.

అందుకే నాకు క్యాప్నోగ్రాఫ్ ముక్కు గొట్టమంటే అంత గౌరవం. ఒక దారి ఆక్సిజన్ ఇస్తుంది, మరో దారి వదిలిన గాలిని కాస్త లాక్కుంటుంది. కొన్ని రకాలు నిమిషానికి 50 మిల్లీలీటర్లే తీసుకుంటాయి. నోటితో ఊపిరి తీసేవాళ్ల కోసం పెదవి ముందుకు వంగిన చిన్న రెక్క ఒకటి, అక్కడి గాలినీ పట్టుకోవడానికి. ఎంత ముందుచూపు! లోపల 4.3 మైక్రాన్ల దగ్గరి పరారుణ కాంతిని కార్బన్ డయాక్సైడ్ ఎంత పీల్చుకుందో కొలిచి, ప్రతి శ్వాసనూ తెర మీద గీస్తుంది. గీత నిటారుగా లేచి, తాండూరు నాపరాయిలా పైన చదునుగా సాగి, దిగిపోవాలి. కార్బన్ డయాక్సైడ్ అంకె కన్నా ఆ ఆకారాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. ఆక్సిజన్ కలిసి అంకె తగ్గవచ్చు, కానీ శ్వాస ఆగితే గీత కొన్ని సెకన్లలోనే అడుగున చదునవుతుంది.

ఊపిరినే కనిపెట్టాలన్న పట్టుదల మన హైదరాబాద్‌కు పాతదే. 1888, 1889లలో ఇక్కడి క్లోరోఫాం కమిషన్లు జంతువుల మీద వందల ప్రయోగాలు చేశాయి. నిజాం డబ్బిచ్చారు. వాటిని నడిపించిన ఎడ్వర్డ్ లారీ నాడి కన్నా శ్వాసను చూడమన్నాడు. క్లోరోఫాం మత్తుతో గుండెకు ప్రమాదమే లేదనడంలో పొరబడ్డాడని 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధన తేల్చింది. అయినా శ్వాస మీద లారీ పెట్టిన గురి మాత్రం గొప్పది. ఆయనకు ఈ గీత లేదు, చెయ్యీ కన్నూ చెవీ మాత్రమే ఆధారం.

ఇప్పటికీ యంత్రం కబురు చెప్పేంతవరకే. గీత చదునైందంటే నర్సమ్మ ముందు మనిషిని చూడాలి. భుజం తట్టి పిలవాలి, దవడ పైకెత్తాలి, తలవైపు మంచం ఎత్తు పెంచాలి, డాక్టరుకు కేకేయాలి. ఊపిరి బాగానే ఆడుతోందని తేలాకే గొట్టం జారిందేమో వెతకాలి.