50 వేల ఏళ్ల నాటి చార్లీ

చంద్రుడి మీద ఎర్రటి స్పేస్ సూట్‌లో ఒక శవం దొరుకుతుంది. తప్పిపోయిన వ్యోమగామి ఏ దేశం లెక్కల్లోనూ లేడు. వయసు కట్టి చూస్తే ఆ మనిషి చనిపోయి 50 వేల ఏళ్లయిందని తేలుతుంది. చూడబోతే అచ్చం మనలాంటి మనిషే. శాస్త్రవేత్తలు అతనికి చార్లీ అని పేరు పెట్టుకుంటారు. జేమ్స్ పి. హోగన్ తొలి నవల ‘ఇన్‌హెరిట్ ది స్టార్స్’లో (1977) ముడి పడేది ఇక్కడే.

మానవజాతికి మరుగున పడిన చరిత్ర ఒకటుందని కల్పించిన రచయితలు చాలామందే ఉన్నారు. మునిగిపోయిన ఖండాన్నో, ఇసుక కింది మహానగరాన్నో చూపించి నమ్మమంటారు. హోగన్ దారి వేరు. ఇంగ్లండులో పుట్టిన హోగన్ ఇంజనీరు, కంప్యూటర్ల రంగంలో పనిచేసేవాడు. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమా ముగింపు బోధపడలేదని ఆఫీసులో విసుక్కుంటే, అంతకంటే బాగా నువ్వే రాయమని తోటివాళ్లు పందెం కాశారట. ఆ పందెంలోంచి పుట్టిన ఈ నవలలో తుపాకీ పట్టే నాయకుడు లేడు, వెంటాడే విలన్ లేడు. ఉన్నదల్లా ఆధారాలు, వాటి చుట్టూ వాదోపవాదాలు.

పనితనమంతా ఆ వాదాల అల్లికలో ఉంది. జీవశాస్త్రవేత్త డాన్‌చెకర్ ఒక్క మాట మీద నిలబడతాడు: పరిణామం రెండు గ్రహాల మీద విడివిడిగా నడిచి ఒకే మనిషిని తయారుచేయడం అసాధ్యం, కాబట్టి చార్లీ మూలం భూమే. అవతలివాళ్లూ తగ్గరు. చంద్రుడి దాకా వెళ్లిన నాగరికత ఇక్కడే వర్ధిల్లితే ఒక్క గని, ఒక్క లోహపు ముక్క అయినా మిగలదా? రెండూ గట్టి వాదాలే. చిన్న రచయిత అయితే ఒకదాన్ని తప్పని తేల్చి కథ ముందుకు తోసేవాడు. హోగన్ రెండింటినీ చివరిదాకా బతకనిస్తాడు.

చార్లీ కాలపు తిండి సామానులో దొరికిన ఒక చేపను చూడండి. దాని శరీర నిర్మాణం భూమ్మీది ఏ వెన్నెముక జీవి వంశంతోనూ పొసగదు. అంటే ఇంకో గ్రహం ఉండి తీరాలి. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగి పేలిపోయిన ఆ గ్రహానికి మినర్వా అని పేరు పెడతారు. ఇంతలో చార్లీ డైరీ చదవడం సాధ్యమవుతుంది. చంద్రుడి మీద నిలబడి తన గ్రహం తగలబడటం చూశానని అందులో రాసి ఉంటుంది. అంత దూరాన అది చుక్కలా కనిపించాలి కదా! డైరీ అబద్ధమాడదు, గణితమూ అబద్ధమాడదు.

భౌతికశాస్త్రవేత్త హంట్ కనిపెట్టిన జవాబు చెప్పకపోతే ఈ పని గొప్పతనం తెలియదు. చార్లీ నిలబడ్డ చంద్రుడు అప్పటికి మన చంద్రుడు కాడు, మినర్వా చుట్టూ తిరిగినవాడు. గ్రహం పేలాక సూర్యుడి వైపు జారి వచ్చి భూమికి చిక్కాడు. చంద్రుడు ఎప్పుడూ మనవాడేనన్న ఊహను పుస్తకంలో ఎవరూ పైకి అనరు, పాఠకుడూ అనుమానించడు. రోజూ చూసే వస్తువులో తాళంచెవి దాచడానికి ఎంత ధైర్యం కావాలి! చంద్రుడి అవతలి ముఖం ఇవతలి ముఖంలా ఉండదని 1959లో లూనా-3 ఫొటోలు చూపించాయి. ఆ తేడాను కూడా హోగన్ మినర్వా శకలాల కింద జమకట్టుకున్నాడు.

ఇవాళ్టి విజ్ఞానం ముందు ఈ చరిత్ర నిలవదు. కుజుడికీ గురుడికీ మధ్యనున్న గ్రహశకలాలన్నీ కలిపి ముద్దచేసినా చంద్రుడంత బరువు తూగవు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన ఎముకలు భూమ్మీద మన జాతిని సుమారు 3 లక్షల ఏళ్ల వెనక్కి, అంటే చార్లీ కంటే ఎంతో ముందుకు, తీసుకుపోయాయి. పాత్రలు పల్చన, ఆడవాళ్లు దాదాపు కనిపించరు. అయినా ఇలాంటి చరిత్ర అల్లాలనుకునే వాళ్లకు నేను ముందుగా ఇచ్చే పుస్తకం ఇదే. ఒక్కో ఆధారం పాత చిక్కును విప్పుతూనే కొత్త చిక్కు వేసే తీరు ఇంత శుభ్రంగా ఇంకెక్కడా చూడలేదు.

నవలలో ఆఖరి మాట దక్కేది మొండివాడైన డాన్‌చెకర్‌కే. రెండున్నర కోట్ల ఏళ్ల కిందట వేరే జాతి భూమి నుంచి మినర్వాకు జంతువులను తరలించింది, వాటిలో మన పూర్వీకులూ ఉన్నారు. వాళ్లు అక్కడ మనుషులుగా ఎదిగారు. మినర్వా పేలాక చంద్రుడి మీద మిగిలిపోయిన కొద్దిమంది తిరిగి భూమికి దిగారు. వాళ్ల సంతతే మనం. చార్లీ భూమి బిడ్డేనన్న అతని మొదటి వాదన అక్షరం పొల్లుపోకుండా నిలబడుతుంది.